కాత్తాయి వేసిన స్టూలు

తిరుప్పూరు బనియన్ల కంపెనీలో రెండో లైను సూపర్‌వైజరు కాత్తాయి గొంతు పెంచడం ఎవరూ ఎప్పుడూ వినలేదు. మెడలో కత్తెర వేలాడుతుండగా మిషన్ల మధ్య మెల్లగా తిరుగుతుంది. ఎవరి చెయ్యి మందగించినా భుజం తట్టి, "పోయి టీ తాగి రా, కన్నూ," అని తానే ఆ మిషను ముందు కూర్చుంటుంది. ఆమె లైనులో పని ఎప్పుడూ ముందే తెగుతుంది. మనసున్న మనిషి అంటారు ఆడవాళ్లు. పక్క లైను మారప్పన్‌ది. కుట్టు వంకర పోయిందని, నిండు చూలాలని కూడా చూడకుండా, ఒకప్పుడు కాత్తాయిని మధ్యాహ్నం దాకా మిషను పక్కన నిలబెట్టింది అతనే. తన లైను నుంచి కుట్టిన కట్ట కదిలిన ప్రతిసారీ కాత్తాయి మారప్పన్ లైను వైపే చూస్తుంది.

కేకలతో నడిచిన ఆ లైను వెనకబడి వెనకబడి చివరికి మూతపడింది. ఓనరు మారప్పన్‌ను ఆమె కిందే చెకింగుకు పంపాడు. కాత్తాయి స్టూలు తెచ్చి అందరి ముందూ వేసింది.

"కూర్చోండన్నా. ఈ లైనులో ఎవరినీ నిలబెట్టం."

మిషన్లు ఆగాయి. "అన్నకి సిగ్గేమో అక్కా," అని ఎవరో నవ్వారు.

"ఎందుకూ? నిలబడ్డదాన్ని, నాకే లేదు."

సాయంత్రం దాకా అతను నిలబడే ఉన్నాడు. ఆ స్టూలును ఆమె ఎవరినీ తీయనివ్వలేదు.