ఎర్ర కంకుల చారు

పొద్దుటి నుంచీ మబ్బు పట్టి ఉంది. వాన పడేలోపు సుమాక్ పొద కంకులు కోసేయాలని కత్తెర తీసుకుని ఇంటి వెనక గట్టు మీదికి వెళ్ళాను. సగం కోశానో లేదో, వంటింటి తలుపు దగ్గర్నుంచి మా ఆయన పిలిచారు. ఫోనులో అన్నయ్య. "వదిన నిద్రలోనే పోయిందమ్మా" అన్నాడు. వెంటనే వాళ్ళ ఊరికి బయల్దేరాం. బుట్ట గట్టు మీదే ఉండిపోయింది. సాయంత్రం వాన పడింది.

ఒహాయోలో మా వైపు పల్లెల్లో ఆ పొద దానంతటదే పెరుగుతుంది. మంచుకు చావదు, రాతినేలైనా దానికి ఒకటే. వేసవి చివర జొన్నకంకుల్లా ఎర్రటి కంకులు నిలబడతాయి, పుల్లగా. డెబ్భైల చివర మేం వచ్చిన కొత్తలో, చింతపండు కావాలంటే ఎవరైనా షికాగో వెళ్ళొచ్చేదాకా ఆగాలి. చారు లేనిదే అన్నయ్యకు ముద్ద దిగదు. వదిన ఆ కంకులు తెచ్చి చింతపండులాగే ఉడికించింది. వగరుకు అందరి నోళ్ళూ పిడచకట్టుకుపోయాయి.

"ఇది చారా, కషాయమా?" అన్నాడు అన్నయ్య.

"కషాయమే. తాగితే మాటలు తగ్గుతాయట" అంది వదిన.

పక్క పొలం ముసలావిడ సంగతి విని నవ్వింది. వేడి తగలనివ్వకుండా చన్నీళ్ళలో నలిపి, నూగు పోయేలా గుడ్డలో వడకట్టాలని చూపించింది. అప్పట్నుంచీ వదిన పప్పుకట్టు మరిగించి, పోపు పెట్టి, దించాక ఆ ఎర్ర నీళ్ళు కలిపేది. "దీన్ని చింతపండనుకోవడమే నా పొరపాటు. దీని గుణం దీనిది" అనేది. తడిస్తే పులుపు కడుక్కుపోతుందని, వానకు ముందే కోయమని నాకు చెప్పిందీ వదినే. మా గట్టు మీది పొద వాళ్ళ పెరటి పిలకే.

ఆ పిలకల మీదే ఏటా గొడవ. అవి పచ్చిక మధ్యలోకి పాకితే అన్నయ్యకు కోపం.

"ఈ ఏడు ట్రాక్టర్ పెట్టి వేళ్ళతో సహా పెకలిస్తా."

"పెకలించండి. చారు కూడా మీరే పెట్టుకుందురుగాని."

అన్నయ్య గడ్డి కోసే మిషన్ పొద చుట్టూ తిప్పి ఊరుకునేవాడు.

వదిన పోయాక, ఒక్కణ్ణే ఉండలేను, ఊరు మారిపోతానని అన్నయ్య ఆ ఇల్లు అమ్మేశాడు. కొన్నవాళ్ళు పెరడంతా చదును చేస్తారట. ఆకు రాలాక సామాను సర్దడానికి వెళితే, అన్నయ్య మోకాళ్ళ మీద కూర్చుని పిలక తవ్వుతున్నాడు.

"వేరు తెగలేదు కదా, చూడమ్మా."

తెగలేదు. తడి గోనెపట్టాలో చుట్టి అన్నయ్య కారు వెనక సీట్లో పెట్టాం. ఆదివారం పొద్దున, గడ్డి మీద మంచు కరగకముందే, అన్నయ్య ఆ పిలకతో కొత్త ఊరికి బయల్దేరాడు.