వంతెన మీది తీర్పు

మాస్టారు లేరన్న కబురు నాకు ఆయన నంబరు నుంచే వచ్చింది. మధ్యాహ్నం ల్యాబులో ఖనిజం నమూనాలు తూకం వేస్తుంటే ఫోను మోగింది. మా ఆట గ్రూపులో ఒకే వాక్యం, హిందీలో: "బాబూజీ నహీ రహే." రాసింది ఆయన కోడలు. జగదల్‌పూర్ అమ్మాయి, తెలుగు మాట్లాడుతుంది గాని రాయడం రాదు. నేను ఆ వాక్యం చదివి, తూకం మళ్లీ మొదటినుంచీ వేశాను. పక్కన ఉన్నవాళ్లకు ఏమని చెప్పాలి? పోయింది నాకు చుట్టం కాదు. ఆయన ముఖం కూడా నేను ఎన్నడూ చూడలేదు.

ఆయన భోపాల్‌పట్నంలో లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. నేను కిరందుల్‌లో, గని టౌన్‌షిప్ క్వార్టర్‌లో ఒక్కదాన్నే ఉంటాను. నాన్న ఉద్యోగం కోసం ఆంధ్ర నుంచి ఈ హిందీ ప్రాంతానికి వచ్చాం. అమ్మా నాన్నా పోయాక నేను మిగిలాను. వారమంతా హిందీలో మాట్లాడి, సాయంత్రం తలుపు వేసుకుంటే తెలుగులో పలకరించే గొంతు ఉండేది కాదు. "తెలుగులో ఆడేవాళ్లు కావాలి" అని ఇంటర్నెట్‌లో ఎవరో పెట్టిన మాట చూసి, ఆట అంటే ఏమిటో తెలియకుండానే చేరాను.

అది కత్తులూ మాయలూ ఉన్న ఒక కథ. మేము నలుగురం ఒక్కొక్క పాత్ర తీసుకుని, మా మనిషి ఏం చేస్తున్నాడో చెబుతాం. జరుగుతుందో లేదో తెలియని చోట పాచికలు వేస్తాం. కథ నడిపేదీ, తగువు వస్తే తీర్పు చెప్పేదీ మాస్టారు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం మూడింటికి. నెట్‌వర్క్ వీడియోను మోయలేదు కాబట్టి ఆయన నాకు ఒక గొంతు, ఆ గొంతు వెనక అప్పుడప్పుడు కోడి కూత, అంతే.

యుద్ధం మొదలైందంటే ప్రశ్నలే ప్రశ్నలు. ఎవరి వంతు ముందు? గోడ చాటున ఉన్నవాడికి బాణం తగులుతుందా? మాస్టారు తొందరపడేవారు కాదు. ఆ లావుపాటి నియమాల పుస్తకం పేజీలు తిరగేసే చప్పుడు మాకు వినిపించేది. "ముందు ఏం చేస్తున్నవో చెప్పు బిడ్డా, తర్వాతనే పాచిక వెయ్యి" అనేవారు. పాచిక పడ్డాక మాట మార్చబోతే, "పరీక్ష కాగితం ఇచ్చేసినంక జవాబు దిద్దుతరా ఏంది?" అని నవ్వేవారు.

నా మనిషి డాలు పట్టుకుని అందరికంటే ముందు నిలబడే యోధురాలు. మూడేళ్లు ఆడాను ఆమెతో. ఒక ఆదివారం మావాళ్లు ముగ్గురూ వంతెన దాటి పారిపోతుంటే నేను వెనక నిలిచి శత్రువులను ఆపాను. చివరికి నేనూ వెనక్కి తగ్గాను. శత్రువు పక్కనుంచి తప్పుకునేవాళ్ల మీద వాడికి ఒక దెబ్బ వేసే అవకాశం ఉంటుందని మాస్టారు అన్నారు.

"నేను వీపు తిప్పలేదు మాస్టారూ. డాలు ముందుకు పట్టుకునే తగ్గాను" అన్నాను.

"ఆ ముక్క ముందు చెప్పలేదు గద."

పాచిక పడింది. నా మనిషి చనిపోయింది. మిగిలినవాళ్లు వంతెన కూలగొట్టి బయటపడ్డారు. నేను కంప్యూటర్ మూసేశాను. తర్వాత రెండు ఆదివారాలు వెళ్లలేదు. ఆటే కదా అని నాకు నేను చెప్పుకున్నాను గాని, ఆ రెండు మధ్యాహ్నాలు ఎంత పొడుగ్గా గడిచాయో నాకే తెలుసు. ఇల్లు తుడిచాను, మళ్లీ తుడిచాను.

మూడో వారం బుధవారం, భోజనం వేళ, మాస్టారు ఫోన్ చేశారు.

"పుస్తకం మళ్లీ చదివిన బిడ్డా. డాలు ముందట పట్టుకొని తగ్గేటోళ్లకు ఆ దెబ్బ లేదు. నువ్వు చెప్పకున్నా నేనే అడగాలె. తప్పు నాది."

"అయితే నా మనిషి బతికినట్టేనా?"

"నువ్వు చచ్చినవనే కద వాళ్లు వంతెన కూలగొట్టిండ్రు. ఆ పని ఎట్ల చెరిపేది? నీకు న్యాయం జేయబోయి వాళ్లకు అన్యాయం జేస్త. తప్పు నాదని ఆదివారం అందరి ముందట చెప్త. నువ్వు ఇంకో మనిషిని తయారుజేస్కో. రా."

నాకు కోపం పోలేదు. అప్పుడు ఆయన అడిగారు: "ఆడ నిన్ను తిన్నవా అని అడిగేటోళ్లు ఉన్నరా?"

క్యాంటీన్ ఉందండీ, అన్నాను. అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

ఆదివారం ఆయన అన్నట్టే చెప్పారు. "వంతెన కాడి యుద్ధంల నేను తప్పు తీర్పు చెప్పిన. ఒక మంచి మనిషి పోయింది." సాకులేమీ చెప్పలేదు. నలభై ఏళ్లు పిల్లల తప్పులు దిద్దిన మనిషి తన తప్పును అంత మామూలుగా చెప్పడం విని నా కోపం ఎటు పోయిందో తెలియలేదు. ఆ రోజు నుంచి ఆయన పది నిమిషాలు ముందే వచ్చేవారు. నేనూ ముందే వెళ్లేదాన్ని. ఏం వండావని అడిగేవారు. ఆయన అడుగుతారని ఆదివారాలు కూర వండటం మొదలుపెట్టాను.

కొత్త మనిషిని విలుకత్తెగా చేసుకున్నాను. మా చివరి యుద్ధంలో ఒక ప్రశ్న తెగలేదు. నా బాణం దారిలో మా మనిషే ఒకడు నిలబడి ఉన్నాడు. అది అతన్ని తప్పించుకుని శత్రువుకు తగులుతుందా? మాస్టారు పేజీలు తిప్పి ఆగిపోయారు. "ఇప్పుడే చెప్పను. ఒకసారి తప్పు జేసిన. చూసి, వచ్చేవారం చెప్త." గురువారం ఆయన గుండె ఆగిపోయింది.

దంతెవాడ, గీదం, బీజాపూర్. మూడు బస్సులు మారి, పదో రోజు కర్మ నాటికి భోపాల్‌పట్నం చేరాను. ఇంటి ముందు షామియానా కింద చుట్టాలు. ఎవరు మీరని అడిగారు. "ఆదివారం ఆట" అన్నాను. కోడలు నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. దండ వేసిన ఫోటోలో ముఖం నాకు కొత్త. నేను ఊహించుకున్నదానికంటే సన్నటి మనిషి.

"మామయ్య గది ఇది" అని కోడలు తలుపు తీసింది. "బల్ల మీద ఉన్నవి తీయొద్దన్నరు. ఏందో నాకు తెలవదు. అట్లనే ఉంచిన."

చెక్కపలక మీద సుద్దతో గళ్లు గీసి ఉన్నాయి. గళ్లలో చింతగింజలు. ఒక మూల, మిగిలినవాటికి దూరంగా, ఎర్రటి గురివింద గింజ.

"ఈ ఎర్రది ఎవరు?" అన్నాను.

"కిరందుల్ బిడ్డ అనేటోరు."

ఆ గింజ కింద నొక్కి పెట్టిన తెల్లదారం ఒకటి, పలక అవతలి చివర, శత్రువు చోట ఉన్న గింజ వరకు వెళుతోంది. మధ్యలో ఒక చింతగింజ. దారం దాని పక్కగా, తాకీ తాకనట్టుగా పోతోంది. కోడలు ఫ్యాను వేసింది. దారం కొద్దిగా వణికి, ఆ గింజను తాకింది. మళ్లీ పక్కకు జరిగింది.