ఫోన్ పక్కన స్టూలు

పోయిన సోమవారం పొద్దున పొయ్యి మీద పప్పు పొంగుతుంటే ఫోన్ మోగింది. తడి చేతులతోనే ఎత్తాను. సంగారెడ్డి నుంచి ఎవరో అమ్మాయి. "జహీరాబాద్ అల్లం దుకాణమేనా అండీ? మీ ఆపరేటరమ్మ పొద్దుగాల గుండె ఆగి పోయింది. ఆమె పుస్తకంల మీ నంబరుంటే చేసిన" అని ఒక్క గుక్కలో చెప్పి పెట్టేసింది. నేను నిలబడే ఉన్నాను. ఈ ఊళ్ళో ఎవరికీ నిలబెట్టి చావు కబురు చెప్పనివ్వని మనిషి చావు కబురు నేను నిలబడి విన్నాను. కూర్చుందామంటే పక్కన స్టూలు కూడా లేదు. దాన్ని ఎప్పుడో వెనక వరండాలోకి తీసుకుపోయి ఉల్లిగడ్డల బుట్ట పెట్టుకున్నాం.

ఆ అమ్మాయిని తప్పుపట్టను. ఆమెకు ఎవరూ నేర్పలేదు. మా ఊరికి మాత్రం నేర్పిన మనిషి ఒకావిడ ఉండేది. ఊరంతటికీ ఆపరేటరమ్మ, మా ఎదురింట్లో అద్దెకుండేది కాబట్టి నాకు అక్క.

డెబ్బైలలో నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికే అక్క మా టెలిఫోన్ ఎక్స్చేంజిలో పగటి డ్యూటీ చేస్తుండేది. అప్పటి ఫోన్లకు తిప్పే చక్రం లేదు. రిసీవర్ ఎత్తితే అవతల అక్క గొంతే. ఎవరూ నంబరు చెప్పేవాళ్ళు కారు. "అమ్మా, పప్పు మిల్లు ఇయ్యి", "డాక్టరు సాబ్‌ని ఇయ్యి" అనేవాళ్ళు. డాక్టరు ఇంట్లో లేకపోతే ఏ ఊరు పోయాడో, ఎప్పుడొస్తాడో కూడా ఆమే చెప్పేది. ఎందుకంటే మా ఊళ్ళో ఫోనున్న వాళ్ళు తాళం వేసి బయటికి పోయే ముందు ఆమెకు చెప్పి పోయేవాళ్ళు. మా అత్తమ్మ అయితే గడప దాటే ముందు ఒకసారి దేవుడి గదిలో, ఒకసారి ఫోన్ దగ్గర నిలబడేది. "అమ్మా, నేను రాయికోడ్ పోతున్న. ఎవరన్న ఫోన్ చేస్తే మాపటికి వస్తనని చెప్పు." దేవుడు జవాబు చెప్పకపోయినా ఆమె చెప్పేది. "పోయి రా పెద్దమ్మా, నేను చెప్త."

మా ఇంటి ముందు గది అల్లం దుకాణం, వెనక ఇల్లు. రెండింటికీ మధ్య గోడకు ఫోన్. దాని కింద స్టూలు. పెళ్ళయిన కొత్తలో ఆ స్టూలు ఎందుకని అడిగితే అత్తమ్మ, "ఆపరేటరమ్మ పెట్టుమన్నది. ఫోనున్న ఇంట్ల స్టూలుండాలె" అంది. నిజంగానే ఊళ్ళో ఏ ఇంట్లో చూసినా ఫోన్ పక్కన ఒక స్టూలో, కుర్చీయో, ఏదీ లేకపోతే బోర్లించిన డబ్బానో ఉండేది. ఫోన్ కనెక్షన్ ఇచ్చి పోయేది డిపార్టుమెంటు వాళ్ళే, కానీ నాకు బాగా పని పెట్టింది ఆపరేటరమ్మ అని మా వీధి వడ్రంగి నవ్వేవాడు.

దాని వెనక ఉన్న కథ అక్క ఒక్కసారే చెప్పింది, చిక్కుడుకాయలు ఒలుస్తూ. ఉద్యోగంలో చేరిన కొత్తలో బొంబాయి నుంచి ట్రంక్ కాల్ వస్తే పప్పు మిల్లు పెద్దాయనకు కలిపిందట. కొడుకు పోయాడన్న కబురు అది. పెద్దాయన నిలబడి విని నిలబడ్డట్టే వెనక్కి పడ్డాడు. తల మెట్టుకు తగిలింది. బతికాడు గానీ మళ్ళీ మునుపటి మనిషి కాలేదు. "కలిపింది నేనే గద చెల్లె. ఆ గొంతు విన్నప్పుడే నాకు సమజైంది, మంచి కబురు గాదని. గయినా కలిపిన" అంది. అప్పటి నుంచి ఎవరి గొంతులోనైనా వణుకు వినిపిస్తే కలిపే ముందు ఇవతలి వాళ్ళతో ఒక మాట అనేది. "జర కూసోండ్రి."

ఆమె అనుకున్నది మేలే. కానీ ఆ మాట మా ఊరికి ఎంత గుబులైందో ఆమెకు తెలుసో లేదో. ఫోన్ మోగితే చాలు, ఎత్తే లోపల నా మనసు స్టూలు చుట్టూ తిరిగేది. కూసోండ్రి అంటుందా, అనదా? "అల్లం దుకాణమా? బీదర్ నుంచి, మాట్లాడండ్రి" అంటే ప్రాణం లేచొచ్చేది. ఇంట్లో ఫోన్ పెట్టుకోవడమంటే నట్టింట్లో దయ్యాన్ని కట్టేసుకోవడమేనని అత్తమ్మ అనేది. మళ్ళీ ఎవరైనా చుట్టాలొస్తే వాళ్ళ ముందు ఊరికే రిసీవర్ ఎత్తి పెట్టేది కూడా ఆమే.

ఫోన్ గురించి అప్పట్లో ఊళ్ళో తలకొక అభిప్రాయం. దూరం పెరిగిన కొద్దీ గట్టిగా అరవాలని సగం ఊరి నమ్మకం. సదాశివపేటకు మామూలుగా మాట్లాడేవాళ్ళు, బొంబాయికైతే బజారంతా వినపడేట్టు కేకలు. "దూరం తీగెకుంటది, గొంతుకెందుకు?" అని అక్క విసుక్కునేది. వానాకాలంలో తీగెలో నీళ్ళు చేరి మాటలు నానిపోతాయని కొందరు అనేవాళ్ళు. ఆమె అన్నీ వింటుందని ఇంకొందరికి అనుమానం. ఆ అనుమానంతోనే ఒక వ్యాపారి అల్లం ధరను పిల్ల పెళ్ళి మాటలలో పెట్టి చెప్పేవాడు. ఒకసారి ఆ "పిల్ల" ఎట్లుందని నేనే అక్కను అడిగాను. ఆమె నవ్వలేదు. "చెల్లె, నా చెవి సర్కారుది. నోరు ఒక్కటే నాది. దాన్ని నేను మూసుకునే ఉంటా" అంది. అన్నట్టే ఉంది. ఊరి గుట్టంతా ఆ చెవిలో పడి అక్కడే ఉండిపోయింది.

అక్క పుట్టింది బీదర్ వైపు. కన్నడం ఇంటి భాష, మరాఠీ బడిలో వచ్చింది, తెలుగూ ఉర్దూ మా ఊరు ఇచ్చింది. బొంబాయి రోడ్డు వెంట ఉన్న ఎక్స్చేంజిలన్నిటితో వాళ్ళ భాషలోనే మాట్లాడేది. హుమ్నాబాద్ ఎక్స్చేంజిలో కాల్స్ కలిపే బోర్డు మీద ఉన్నావిడ ఈమెకు ప్రాణ స్నేహితురాలు. పన్నెండేళ్ళు రోజూ మాట్లాడుకున్నారు, ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ప్రతి ఏడూ ఝరాసంగం జాతరలో కలుద్దామనుకునేవాళ్ళు. ప్రతి ఏడూ ఇద్దరిలో ఒకరికి డ్యూటీ పడేది. "దొరుకకపోతదా, ఎటు పోతది?" అనేది అక్క.

ఆమె నాకు ఏమిటో నాకు బాగా తెలిసింది ఒక వానాకాలంలో. మా ఆయన అల్లం లోడుతో మంగళవారం షోలాపూర్ బయలుదేరాడు. చేరగానే ఫోన్ చేస్తానన్నాడు. ఆ రోజు నుంచే ముసురు. బుధవారం ఫోన్ రాలేదు. గురువారం పొద్దున చిరాగ్‌పల్లి దగ్గర లారీలు బారులు తీరి ఆగాయని, ముందు ఎక్కడో వాగులు రోడ్డెక్కాయని దుకాణానికొచ్చిన రైతు చెప్పాడు. నేను చాటలో బియ్యం పోసుకుని ఏరడం మొదలుపెట్టాను. ఏరినవే మళ్ళీ ఏరాను. ఫోన్ ఎత్తాను.

"అక్కా, ఏమన్న వచ్చిందా?"

"రాలే చెల్లె. వస్తే నేను దాస్తనా?"

పది నిమిషాలకు మళ్ళీ ఎత్తాను. ఇంకో పది నిమిషాలకు మళ్ళీ. నాలుగోసారికి అత్తమ్మ నా చేతిలోంచి రిసీవర్ లాక్కుని, "నువ్వు పట్టుకుని కూసుంటే వాడు చేసినా ఎట్ల తగుల్తది?" అని కసిరింది. కసిరి పెట్టేయకుండా తనే చెవికి ఆనించుకుని, "ఏం లేదా బిడ్డా?" అని అడిగింది. అప్పుడు నాకు నిజంగా భయమేసింది. అత్తమ్మ గొంతు అట్లా ఉండగా నేను ఎప్పుడూ వినలేదు.

"పెద్దమ్మా, చెల్లెకియ్యి" అందట అక్క. రిసీవర్ మళ్ళీ నా చేతికొచ్చింది. "లారీ రంగేంది? వెనుక ఏం బొమ్మ ఉన్నది?"

నీలం లారీ. వెనక తలుపు మీద చిలక.

"పెట్టకు. పట్టుకొనుండు. మధ్యల మాట్లాడకు."

ఆ రోజు నేను విన్నది చెప్పినా ఇప్పటి పిల్లలు నమ్మరు. ఏదో టక్కుమంది, తీగెలో గాలి వీచినట్టు హోరు, ఆ హోరులోంచి అక్క కన్నడం. నీలి లారీ, హిందె గిళి చిత్ర, వెనక చిలక బొమ్మ అని. అవతల హుమ్నాబాద్ ఆవిడ, నోడ్తీని, చూస్తానంది. ఎక్స్చేంజి ప్యూన్‌ను వానలో పెట్రోలు పంపుకు పంపింది. అరగంటకు జవాబొచ్చింది. చిలక లారీ మంగళవారం మాపటేళ డీజిలు పోయించుకుని ముందుకు పోయింది. అంటే హుమ్నాబాద్ దాటాడు. నా గుండె ఆ రోడ్డు మీద అంత దూరం పోయి ఆగింది. తర్వాత ఉమర్గా. అక్కడి ఆపరేటరుతో అక్క మరాఠీ. అక్కడ తీగెలు తెగాయో ఏమో, మాటలు వస్తూ పోతూ ఉన్నాయి. "సర్కారు దవాఖాన" అన్న మాట ఒక్కటే చెవిన పడింది, లైను పోయింది.

ఆ తర్వాతి రెండు గంటలు నేను ఎట్లా గడిపానో నాకే తెలియదు. అత్తమ్మ పొయ్యి వెలిగించలేదు. దుకాణంలోకి వచ్చినవాళ్ళు మా ముఖాలు చూసి ఏమీ అడగకుండానే వెళ్ళిపోయారు. మధ్యాహ్నం మూడింటప్పుడు ఫోన్ మోగింది. ఎత్తే ముందే స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"చెల్లె," అంది అక్క. "కూసున్నవా?"

అయిపోయిందనుకున్నాను.

"లే. లేసి నిలబడు. కూసొని వినే మాట గాదిది. మీ ఆయన మాట్లాడుతడు."

లేచానో, లేవకుండానే విన్నానో గుర్తు లేదు. బావిలోంచి వచ్చినట్టు ఆయన గొంతు. ఉమర్గా దగ్గర వాగు ఇవతలే లారీ ఆగిందట, తడిసి జ్వరమొచ్చి రెండు రోజులు దవాఖానలో పడున్నాడట. ఫోన్ చేద్దామంటే ఇప్పటిదాకా తీగెలు తెగి ఉన్నాయట. "అల్లం ఖరాబైంది" అన్నాడు మొదట. ఆ మాటకు అత్తమ్మ నవ్వుతూ ఏడ్చింది. నేను ఏడ్చాను, అంతే.

అంతసేపు లైను పట్టుకున్నందుకు ఎవరో వ్యాపారి ఫిర్యాదు చేశాడని, అక్కకు మెమో వచ్చిందని నాకు ఏడాది తర్వాత తెలిసింది. ఏం రాసిచ్చావని అడిగాను. "తప్పయింది, మళ్ళ చెయ్యనని రాసిన" అంది. మళ్ళీ తనే, "చేస్తనని రాస్తే ఒప్పుకోరు గద" అంది.

మూడేళ్ళ కింద మా ఊరికి ఆటోమేటిక్ ఎక్స్చేంజి వచ్చింది. మీరే తిప్పుకోవచ్చు, మధ్యలో ఎవరూ ఉండరు అన్నారు. ఊరు మళ్ళీ రెండుగా చీలింది. జల్దీ దొరుకుతుంది, గుట్టు దక్కుతుంది అని సగం మంది. బుర్రుమని మోత తప్ప మనిషి జాడ లేదు, ఇదేం ఫోన్ అని సగం మంది. వారాల తరబడి జనం రిసీవర్ ఎత్తి ఆ మోతతోనే, "అమ్మా, డాక్టరు సాబ్‌ని ఇయ్యి" అని ఎదురుచూశారు. మా అత్తమ్మ ఒకరోజు ఆ బుర్రుమనే చప్పుడుకే రాయికోడ్ పోతున్నానని చెప్పి, నిశ్చింతగా తాళం వేసి పోయింది.

అక్కను సంగారెడ్డికి మార్చారు. పోయే ముందు ఇల్లిల్లూ తిరిగి పెద్దవాళ్ళకు చక్రం తిప్పడం నేర్పింది. మా ఇంట్లో అత్తమ్మ వేలు పట్టుకుని తిప్పించింది. నాకు పట్టుకున్న గుబులు వేరు. "అక్కా, ఇగ చెడ్డ కబురొస్తే కూసోమని ఎవరు చెప్తరు?" అని అడిగాను.

"ఎవరు చేస్తే వాళ్ళే చెప్పాలె" అంది. "యాదికి పెట్టుకో."

పెట్టుకోలేదు. ఉల్లిగడ్డలకు చోటు లేదని స్టూలు తీసేశాం. సంగారెడ్డి ఎంత దూరమని, ఫోన్ ఉంది కదా అని, చూడబోవడం వాయిదా వేస్తూ వచ్చాను. ఆ సిగ్గు నాకు ఉంది.

ఆమె పోయిన రోజు నుంచి నన్ను ఒకటే ఆలోచన పీకింది. హుమ్నాబాద్ ఆవిడకు ఎవరు చెప్పినట్టు? సంగారెడ్డి వాళ్ళకు ఆమె ఉందనే తెలియదు. మూడు రోజులు ఫోన్ చుట్టూ తిరిగి చివరికి ఉల్లిగడ్డల బుట్ట దించాను. స్టూలు తుడిచి పాత చోట పెట్టుకుని ట్రంక్ కాల్ బుక్ చేశాను. హుమ్నాబాద్‌లో ఇంకా పాత బోర్డే, చక్రం తిప్పితే దొరకదు.

"హుమ్నాబాద్ల ఏ నంబరమ్మా?" అన్నాడు ఇక్కడ ట్రంక్ కాల్స్ కలిపే కుర్రాడు.

"నంబరు లేదు. అక్కడి ఆపరేటరమ్మే కావాలె."

"ఆపరేటరుతోని ఎవరు మాట్లాడుతరమ్మా?" అని నవ్వాడు గానీ కలిపాడు.

"హుమ్నాబాద్" అంది ఆ గొంతు. జహీరాబాద్ అల్లం దుకాణం అన్నాను. "ఓహో, గిళి లారీ!" అంది వెంటనే. ఇన్నేళ్ళయినా చిలకను మరచిపోలేదు. మీ ఆయన బాగున్నాడా అని అడిగింది. బాగున్నాడన్నాను. ఇక ఆపుకోలేక, "అమ్మా, జర కూసోండ్రి" అన్నాను.

ఆమె నవ్వింది. బోర్డు ముందు నేను ఎప్పుడూ కూర్చునే ఉంటాను కదమ్మా అంది కన్నడంలో. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. అది ఎవరి మాటో ఆమెకు తెలుసు.

"యావాగ?" అంది. ఎప్పుడని.

"సోమవారం పొద్దుగాల" అన్నాను.

అవతల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది. లేచి నిలబడిందని అర్థమై నేనూ స్టూలు మీంచి లేచాను. ఆమె బోర్డు మీద ఇంకెవరిదో కాల్ మోగుతోంది. కుర్చీ మళ్ళీ ముందుకు జరిగిన చప్పుడు చాలాసేపటి దాకా రాలేదు.