పడుగు మీదికొచ్చిన సుడిగాలి

నగరిలో నేతగాళ్లమందరం పడుగుకు గంజి పెట్టే పని తెల్లారకముందే మొదలుపెట్టి, ఎండ ముదిరేలోపు ముగించేవాళ్లం. వీధి పొడవునా పడుగు దారాలు చాచి, రెండు కొసలా గుంజలకు కట్టి, గంజి పూసి కుంచెతో దువ్వాలి. పొద్దెక్కితే సుడిగాలి లేస్తుంది. తడి పడుగులో అది దూరిందంటే ఆ నెల కూడు పోయినట్టే. పైగా యుద్ధం రోజులు. నూలు కంట్రోలులో ఉంది. పోయినదానికి బదులు దొరకదు.

ఆ వేసవిలో సుడిగాలుల విషయంలో మా వీధికి పండితుణ్ని నేనే. అమెరికాలో సుడిగాలి ఇంటిని ఎత్తుకుపోతుందని రైలు స్టేషన్లో ఒక సిపాయి చెప్పగా విన్నాను. ఆ కథ నేను వీధికి తెచ్చేసరికి, ఎగిరిపోయే ఇంట్లో పొయ్యి మీద ఎసరు కూడా తొణక్కుండా మరుగుతోంది.

ఒకనాడు ఎదురింటి అన్నకు గంజి కాచడం ఆలస్యమైంది. రేపటిదాకా ఉంచితే పులుస్తుంది. ఇప్పుడు పడుగు చాచాలంటే భయం. నన్నడిగాడు.

"గాలి గీలి వస్తాదంటావా అప్పా?"

"యాడొస్తాదన్నా. దానికి చదునైన బయలు కావల్ల. సుట్టూ కొండలు పెట్టుకోని మనకేం భయం."

తెలియదని చెప్పే అలవాటు నాకు లేదు.

అన్న నమ్మి పడుగు చాచాడు. సగం దువ్వేసరికి వాళ్ల వాకిట్లో దుమ్ము గిర్రున లేచింది. సుడిగాలిలో దయ్యముంటుందని వదిన ఆచారం తప్పకుండా దాని మీద ఉమ్మి, చెప్పు విసిరింది. గాలి ఆ చెప్పును కూడా వెంటబెట్టుకుని మా మీదికే వచ్చింది. పడుగు లేవబోతుంటే నేను చొక్కా లేని ఒంటితో దాన్ని రెండు చేతులా కావిలించుకున్నాను.

గాలి పోయింది. పది పోగులు తెగినా పడుగు దక్కింది. అయితే ఆ ఎండకు గంజి ఆరిపోయి, నా రొమ్ము మీది వెంట్రుకలూ దారాలూ ఒకటైపోయాయి.

"కదిలితే పోగులు తెగతాయి. అట్నే ఉండు," అని వదిన చెంబుతో నీళ్లు తెచ్చి, ఒక్కో పోగూ తడిపి విడదీయసాగింది. పారిపోలేని పండితుడు రోజూ దొరకడు. వీధంతా చుట్టూ చేరింది.

"అమెరికా గాలి యాణ్ణించి వస్తాది?"

"మబ్బులోంచి దిగుతాదంట."

"మనది?"

"కాలిన నేల మీంచి లేస్తాది."

"నువ్వు ఆ అమెరికాది సూసినావా?"

"లేదు."

"మరి కొండలుండాయి, భయం లేదంటివే," అంది వదిన.

నోరు ఊరుకుంటేగా. "అది కొండ దాటి రాలేదు కదా వదినా. మీ వాకిట్లోనే పుట్టింది."

వదిన చెంబు కింద పెట్టింది. నా రొమ్ము మీద ఇంకా నలభై పోగులైనా ఉండగా, సంగటి కెలకాలంటూ లోపలికి వెళ్లిపోయింది.