దారాలమ్మ క్రోటన్ మొక్క

ఆ వీధిలో కోట్లు కుట్టే దర్జీకి ఎరుపూ ఆకుపచ్చా ఒక్కటే. పుట్టుకతో వచ్చిన లోపం. ముప్ఫై ఏళ్లుగా ఈ సంగతి బయటికి పొక్కలేదంటే అదంతా భార్య చలవ. గుడ్డ ఏదొచ్చినా ముందు ఆవిడ చేతిలోకే వెళ్లేది. వేళ్ల మధ్య నలిపి, వెలుగులోకి తిప్పి, పెట్టెలోంచి ఒక రీలు తీసి మిషను పక్కన పెట్టేది. ఆయన మారు మాట్లాడకుండా కుట్టేవాడు. కత్తెర ఆయనది, కళ్లు ఆవిడవి. వీధివాళ్లు ఆవిడని దారాలమ్మ అనేవారు. అసలు పేరేమిటంటే దర్జీ కూడా కాస్త ఆలోచించి చెప్పాల్సిందే.

పెళ్లయిన కొత్తలో ఆయన ఎవరిదో గోధుమరంగు కోటుకి చిలకపచ్చ దారంతో గుండీలు కుట్టేశాడు. ఆవిడ చూసింది. పల్లెత్తు మాట అనలేదు. ఆయన అన్నం తిని కునుకు తీస్తుండగా అన్నీ విప్పి, సరైన దారంతో కుట్టి, కోటు ఉన్నచోటే ఉంచింది. లేచాక ఆయనకి అర్థమైంది. ఆయనా ఏమీ అనలేదు. కొన్ని కాపురాలు అలా ఒక్క మాటైనా లేకుండానే కుదురుకుంటాయి.

ఇక క్రోటన్ సంగతి. ఐదేళ్ల క్రితం ఆవిడ పళ్ల డాక్టరు వరండాలో కూర్చుని, పంటి నొప్పి మరిచిపోయి చూస్తూ ఉండిపోయి, వచ్చేటప్పుడు అడిగి తెచ్చుకున్న కొమ్మ అది. వేడి సముద్రాల నడుమ దీవుల్లో, ఎండా వానా ఒకదాన్నొకటి తరుముకునే చోట పుట్టిన జాతి. ఓడలెక్కి లోకమంతా తిరిగి చివరికొక దర్జీ కొట్టు కిటికీలో కుదురుకుంది. తిరిగి తిరిగి స్థిరపడ్డ వాళ్లకి పెంకితనం ఎక్కువంటారు, దీనికీ అంతే. పైమట్టి ఆరకముందే నీళ్లు పోస్తే వేరు కుళ్లుతుంది. ఆరాక మరిచిపోతే తల వేలాడేస్తుంది. చల్లగాలి గిట్టదు. ఆవిడ దానికి తడిగుడ్డతో ఒక్కో ఆకూ తుడిచేది. ఆకు నడుమ ఎర్రటి ఈనె, దాని చుట్టూ పసుపు చుక్కలు, అంచున నారింజ. దర్జీకి మాత్రం అదంతా బురదరంగే. భార్య మురిసిపోతుంటే చూసి తనూ తలాడించేవాడు.

ఆర్నెల్ల క్రితం కళ్ల డాక్టరు ఆవిడ కంటిలోకి దీపం వేసి చాలాసేపు చూశాడు. వెనక పొర బలహీనపడిందని, చుక్కల మందు మానొద్దని చెప్పాడు. రంగులు వెలిసినట్టు కనబడితే మర్నాటిదాకా ఆగకుండా వచ్చెయ్యమన్నాడు.

ఆనాటి నుంచి పొద్దున్నే లేచి ముందు క్రోటన్ని చూడటం ఆవిడకి అలవాటైంది. దారాల పెట్టె ఉంది కదా, దాన్ని చూసుకోవచ్చు కదా అంటారేమో. ఆ పెట్టె సర్దింది ఆవిడే. మూడో వరస ఎరుపని కళ్లు మూసుకున్నా తెలుసు. తెలిసిన ఎరుపుని ఎర్రగా చూడటం కళ్ల గొప్పా, జ్ఞాపకం గొప్పా? ఆ పెట్టె మీద ఆవిడకి నమ్మకం లేదు. మొక్క ఏ ఆకుని ఏ రంగులో వేస్తుందో ముందుగా ఎవరికీ తెలీదు కాబట్టి, మొక్కనే నమ్మింది.

ఆవిడకి మోకాళ్ల నొప్పులు. ఇది చూసి దర్జీ ఒకరోజు కుండీని కిటికీలోంచి తీసి, లోపలి గదిలో ఆవిడ కుర్చీ పక్కనున్న అరలో పెట్టాడు. లేవకుండానే చూసుకోవచ్చని. మొక్క నాలుగాకులు రాల్చింది, అలక మానింది.

తర్వాత నెలకి ఈనె ఎరుపు కాస్త తగ్గినట్టనిపించింది. ఇంకో నెలకి పూర్తిగా పోయింది. తన కళ్లే పోతున్నాయనుకుంది ఆవిడ. డాక్టరూ అదే మాట అంటాడన్న భయంతో ఎవరికీ చెప్పలేదు. గుడ్డ తెచ్చినవాళ్లని దారం మీరే ఎంచుకోండి అనసాగింది. పనిలో ఎన్నడూ ఇంకొకరి వేలు పడనివ్వని మనిషి అలా అనేసరికి దర్జీకి అనుమానమొచ్చింది.

"ఏమైందే?" అన్నాడు, మిషను ఆపి.

"ఏం కాలేదండీ."

"ముప్ఫై ఏళ్లుగా నీ మొహం చూసే కుడుతున్నా. రంగు తెలీదు గాని, అది మాత్రం తెలుసు."

అప్పుడు చెప్పింది. ఆయన లేచి మొక్క దగ్గరికి వెళ్లి, అద్దాలు తుడుచుకుని, ఆకు పట్టుకుని చూశాడు. ఎప్పటి బురదరంగే. ఎరుపుందో లేదో చెప్పగల కళ్లు ఆ ఇంట్లో ఇంకెవరికీ లేవు. "నా కళ్లు ఒక్క నిమిషం పనిచేసినా బాగుండేదే," అని కుర్చీ పక్కన నేల మీద చతికిలబడ్డాడు.

మర్నాడు ఆస్పత్రికి బయల్దేరి కొట్టు మూస్తుంటే డ్రాయింగు టీచరు కోటు కోసం వచ్చింది. వాళ్ల తొందర చూసి కోటు తనే తీసుకుంటానని లోపలికి వెళ్లి, అర ముందు ఆగిపోయింది.

"అక్కా, ఈ మొక్కేంటి ఇలా పచ్చబడిపోయింది? ఇదివరకు ఎంత ఎర్రగా ఉండేది!"

దారాలమ్మ గుమ్మంలోంచి వెనక్కి వచ్చింది. "నీకూ పచ్చగానే కనబడుతోందా?"

"ఆకుపచ్చే. ఎరుపు మచ్చుకైనా లేదు. వెలుగు చాలక అలా అవుతుందక్కా. మా బళ్లో మెట్ల కింద పెట్టినప్పుడు ఇలాగే అయింది."

దర్జీ ఆవిడ వంకా మొక్క వంకా చూశాడు. "అంటే, చెడగొట్టింది నేనా?"

"మీరే," అంది భార్య. నవ్వుతోందో ఏడుస్తోందో టీచరుకి అర్థం కాలేదు. దర్జీకి అర్థమైంది. తన మీద ఏ కేసూ లేదని తేలిన ముద్దాయిలా తలుపుకి జారగిలబడ్డాడు.

అయినా డాక్టరు దగ్గరికి వెళ్లారు. కళ్లు ఆర్నెల్ల క్రితం ఎలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే ఉన్నాయని, మందు మాత్రం మానొద్దని ఆయన అన్నాడు. బాగయ్యాయని అనలేదు. ఉన్నవి ఉన్నట్టుగా ఉండటమే ఆ రోజుకి వాళ్లకి పండగ.

ఇంటికి రాగానే దర్జీ కుండీ ఎత్తబోయాడు.

"దాన్ని కిటికీలో పెట్టి నన్నిక్కడే ఉంచుతారా? నా కుర్చీ కూడా జరపండి."

కుర్చీ జరపాలంటే కత్తిరింపు బల్ల జరపాలి, బల్ల జరపాలంటే మిషను జరపాలి. సాయంత్రానికి కొట్టంతా తలకిందులైంది. కిటికీ దగ్గర ఆవిడా క్రోటన్నూ, లోపల చీకటి మూలలో దీపం పెట్టుకుని ఆయన. గిరాకీలు వచ్చి ఇదేం సర్దుడయ్యా అని వేళాకోళం చేసేవారు. ఆయన సూదిలో దారం ఎక్కించుకునేవాడు.

క్రోటన్ మళ్లీ అలిగి ఆరాకులు రాల్చింది. నెలన్నర దాకా ఏ కబురూ లేదు. తర్వాత ఒక పొద్దున ఆవిడ పిలిచింది.

"ఏమండీ, ఇలా రండి. కొత్తాకు."

ఆయన కొలత టేపు మెళ్లోనే ఉంచుకుని వచ్చి, ఆవిడ కుర్చీ పక్కన వంగాడు. "ఏ రంగే?"

"కాడ దగ్గర పచ్చ. అక్కణ్నుంచి పసుపు. ఈనె మీద, ఇదిగో, సన్నగా ఎరుపు మొదలైంది."

ఆవిడ వేలు ఈనె వెంట మెల్లగా పైకి నడిచింది. ఆయన ఆ వేలి వెంట చూశాడు. ఆకు చివర దాకా వెళ్లాక, మొదట్నుంచి ఇంకోసారి చెప్పమన్నాడు.