భూమవ్వ చేసిన మేలు

బోధన్‌లో ఆ గల్లీ బీడీ ఆడవాళ్లలో భూమవ్వ మాట దాటేవాళ్లు లేరు. నలభై ఏళ్లుగా తునికాకు కత్తిరించిన చేయి ఆమెది. నోరు ఆ కత్తెర కంటే పదును. అలాంటి మనిషి నెలరోజులుగా ఎవరితోనూ మాట్లాడటం లేదు. శృతి వెళ్లిపోయినప్పటి నుంచీ అంతే.

శృతి బాల్కొండ పిల్ల. షుగర్ జబ్బు మీద పరిశోధన చేసేది. పైకి రాగల శాస్త్రవేత్తలకు డబ్బులిచ్చే ఒక ట్రస్టు ఆమెకు ఏడాదిపాటు సాయం చేసింది. ఫలితం తేలితే ఇంకో మూడేళ్లు ఇస్తామంది. రోజంతా కూర్చుని బీడీలు చుట్టే షుగర్ ఉన్నవాళ్లను అరవైమందిని శృతి ఎంచుకుంది. వాళ్లలో సగంమంది రాత్రిళ్లు అన్నం మాని జొన్నరొట్టె తిని అరగంట నడవాలి. మిగతా సగం ఎప్పటిలాగే అన్నం తింటూ ఉండాలి. నెలనెలా అందరికీ రక్తపరీక్ష. అందరినీ పోగుచేసే పెత్తనం భూమవ్వది.

మొదటి నెల, అన్నం తినేవాళ్లలో చాలామందికి షుగర్ మూడొందలు దాటింది. కాగితం చూసి, ఇంత షుగరా అని శృతి మొహం ముడుచుకుంది. అయ్యో, మా వల్ల ఈ పిల్ల పని చెడేట్టుందే అనుకుంది భూమవ్వ. కార్ఖానాలో చెకింగ్ రోజు ఏం చేయాలో ఆమెకొకరు నేర్పాలా? వంకర బీడీలు కట్ట మధ్యకు, నున్ననివి పైకి! ఆ తెలివే ఇక్కడా వాడింది.

"పరీక్షకు మూడు దినాల ముందుగాల అన్నం ముట్టకుండ్రి. కాకరకాయ రసం తాగుండ్రి. ఆ పిల్ల మన బిడ్డ లెక్క" అని అన్నం తినేవాళ్లందరికీ చాటుగా చెప్పింది. పక్కింటి ఈరవ్వ కళ్లు తిరిగి పడిపోయినా ఆ సంగతి శృతి చెవిన పడనివ్వలేదు.

ఏడాది చివర రెండు గుంపులకూ ఒకటే ఫలితం వచ్చింది. రొట్టె తిన్నా అన్నం తిన్నా తేడా లేదని తేలింది. ట్రస్టు డబ్బు ఆపేసింది.

సామాను సర్దుకోవడానికి వచ్చిన శృతి, "అన్నం తిన్నోళ్ల కంటె రొట్టె తిన్నోళ్లకు షుగర్ తగ్గుతదన్న నా ఆలోచననే తప్పవ్వా. నిజామాబాద్ల ఒక ల్యాబ్ల పని దొరికింది, పోతున్న" అంది. తాము దాచిన ఎక్కువ షుగరే ఆ పిల్లకు కావలసిందని భూమవ్వకు అప్పుడు బోధపడింది. ఉన్నదంతా చెప్పేసింది.

శృతి రక్తపరీక్ష మిషన్ పెట్టె మూత వేసి కూలబడింది.

"ఎన్ని నెలలు చేసిండ్రు?"

"పదకొండు. నేనొచ్చి ఆ ట్రస్టోళ్లకు సెప్త బిడ్డా, తప్పు నాదని."

"చెప్తే చేసిందంత అబద్ధమని రాస్తరవ్వా. ఇగ నాకు ఎవ్వరు పైసలియ్యరు."

"మావి ఎక్కువొస్తెనే నీ పని అయితదని ఒక్క మాట సెప్పకపోతివి?"

"చెప్దామనే అనుకున్న. చెప్తే నా కోసం ఇంకింత తింటరని భయపడ్డ."

నిజంగానే తినేవాళ్లు. చాయ్‌లో రెండు చెంచాల చక్కెర ఎక్కువేసుకుని మరీ తాగేవాళ్లు.