పుచ్చతొక్కల ఊరగాయ పెట్టిన ఏడు

జగ్గయ్యపేటలో మావాళ్ల ఇళ్లలో చావు జరిగితే ఆ ఏడు ఊరగాయ పెట్టరు. కావలసినవాళ్లెవరో తమ జాడీలోంచి తీసి పంపుతారు. రజాకార్ల రోజుల్లో, శివరాత్రి వెళ్లాక మిరపకాయల బేరానికి సరిహద్దు దాటి నిజాం ఇలాకాలోని కోదాడ వెళ్లిన నాన్న ఎండలు ముదిరినా తిరిగి రాలేదు. శవమూ రాలేదు, కబురూ రాలేదు. అయినా పెద్దలు పోయాడనే తేల్చేశారు. మనిషిని చంపడానికి మనవాళ్లకి పెద్ద ఆధారమేమీ అక్కర్లేదు.

నందిగామ నుంచి మా మేనత్త జాడీతో ఆవకాయ తెచ్చి వసారాలో పెట్టింది. అమ్మ దాని వంక చూడలేదు.

"తీసుకుపోండి వదినగారూ. మా ఊరగాయ మేమే పెట్టుకుంటాం."

"వాడు లేని ఇంట్లో ఊరగాయేంటే? నలుగురూ ఏమంటారు?"

"లేరని మీకెవరు చెప్పారండీ?"

అత్తయ్య కళ్లొత్తుకుంటూ జాడీతో సహా బండెక్కింది. ఆవిడ ఏడుపు తమ్ముడి కోసమేనని ఇప్పుడు తెలుసు గానీ, ఆ రోజు ఆవిడంటే నాకు ఒళ్లు మండింది.

అయితే మామిడికాయ టెంకతో సహా కొట్టాలంటే మగవాడి చెయ్యి పడాలి. మా ఇంట్లో ఆ పని నాన్నది. పిలిస్తే వీధిలో ఒక్కరూ రాలేదు. అరిష్టమట! అమ్మ ఇంకెవర్నీ బతిమాలలేదు. చెవిటికల్లు దగ్గర కృష్ణ ఇసుకలో కాసిన పుచ్చకాయలు బండి మీద వస్తే కొంది. పండు మాకు పెట్టి తొక్కలు తను ఉంచుకుంది. పైన పచ్చటి చెక్కు తీసేసి, తెల్లటి దళసరి భాగాన్ని కత్తిపీట మీద ముక్కలు తరిగింది. ఉప్పు చల్లి, నీరు పిండి, అందరికీ కనబడేలా వీధి అరుగు మీద ఎండబెట్టింది. ముక్కలో పులుపు లేదు కనక చింతపండు గుజ్జు వేసి, ఆవపిండి, కారం, నువ్వుల నూనె కలిపింది. గేదెలకు వేసే తొక్కలు తింటున్నామని ఇరుగుపొరుగు నవ్వారు. నవ్వనీ.

నిజం చెప్పాలంటే అది అంత బాగుండలేదు. కొత్తలో వేడన్నంలోకి కరకరలాడింది. వానలు పడేసరికి మెత్తబడింది. అప్పుడు అమ్మ దాన్ని పప్పులో వేసి ఉడికించింది, వంకాయ కూరలో కలిపింది. బూజు కడితే పైపైన తీసేసి మళ్లీ నూనె పోసింది. పారెయ్యమంటే మాత్రం ఒప్పుకోలేదు.

పోలీసు చర్య అయిపోయాక, అటునుంచి పారిపోయి వచ్చి పేటలో తలదాచుకున్నవాళ్లు మూటలు సర్దుకుని ఇళ్లకు వెళ్లిపోయారు. కోదాడ బళ్లు మళ్లీ నడిచాయి. అమ్మ ప్రతి బండివాణ్ణీ అడిగింది. ఎవరికీ ఏమీ తెలియదు. దారి లేక రాలేదనుకోవడానికి కూడా లేకుండా పోయింది.

మళ్లీ వేసవి వచ్చింది. అత్తయ్య ఈసారి ఉత్తచేతులతో వచ్చింది. ఊరగాయ మాట ఎత్తడానికే భయపడుతూ కూర్చుంది. అమ్మ మంచినీళ్లిచ్చి, నేల చూపులు చూస్తూ అంది.

"వదినగారూ, ఈ ఏడు మాకు ఊరగాయ మీరే పంపండి."

అత్తయ్య నీళ్లు తాగలేకపోయింది. నాన్న కోసం నేను మొదటిసారి ఏడ్చింది అప్పుడే.